అత్తగారి అరుగు

అనగనగా తెనాలిలో ఒక అత్తగారు. ఆవిడకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. కొడుకులిద్దరూ అమెరికా వెళ్ళి టెక్సాస్‌లో డాలస్ దగ్గర స్థిరపడ్డారు. పెద్దవాడు ఇర్వింగ్‌లో, చిన్నవాడు ఫ్రిస్కోలో ఇళ్ళు కొనుక్కున్నారు. మామగారు పోయాక అత్తగారు ఏటా వేసవికి వచ్చి మూడు నెలలు ఆ ఇంట్లో, మూడు నెలలు ఈ ఇంట్లో ఉండి వెళ్ళేది.

పెద్దకోడలికి కుట్టుపని బాగా వచ్చు. గ్రీన్ కార్డు చేతికి రాగానే మిషను కొనుక్కుని ఇంట్లోనే జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. చిన్నకోడలిది మంచి గొంతు. చిన్నప్పుడు విజయవాడలో నేర్చుకున్న సంగీతం వృథా పోకూడదని పిల్లలకు పాఠాలు చెప్పసాగింది. ఇద్దరూ కష్టపడే మనుషులే, ఇద్దరి పనికీ మంచి పేరే వచ్చింది. తేడా అంతా ఫోను నంబరు దగ్గరే వచ్చింది.

పెద్దకోడలికి దాపరికం తెలియదు. తనకున్నది ఒకే నంబరు. ఇండియన్ కిరాణా కొట్లో నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించి, దాని కింది అంచును సన్నటి చీలికలుగా కత్తిరించి, ప్రతి చీలిక మీదా ఆ నంబరే రాసింది. వారం తిరిగేసరికి చీలికలన్నీ ఎవరో ఒకరు చింపుకుపోయారు. ఊళ్ళో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిటిలోనూ అదే నంబరు పెట్టింది. పిల్లల బడిలో ఇచ్చిందీ అదే, బ్యాంకులో ఇచ్చిందీ అదే, డాక్టరు దగ్గర ఇచ్చిందీ, తెనాలిలో తల్లికి ఇచ్చిందీ అదే.

మొదట్లో ఫోను మోగితే సంబరంగానే ఉండేది. తర్వాత రాత్రి పదకొండుకు కూడా మోగడం మొదలైంది. "ఆంటీ, రేపు పెళ్ళి, మెడ కాస్త లోతు చేయాలి" అని ఒకరు, "నా జాకెట్టు అయిందా" అని తెల్లవారుజామున ఇంకొకరు. వాట్సాప్‌లో పిల్లలతో దిగిన ఫొటో పెట్టుకుంది కనుక ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా ఆ పిల్లల్ని చూడగలిగారు. ఒకడైతే జాకెట్టు మాట ఎత్తకుండా "ఫొటోలో మీరు బాగున్నారు" అని మెసేజి పంపాడు. కారు వారంటీ అమ్మేవాళ్ళ రికార్డింగులు వీటికి అదనం.

ఒకరోజు ఒక మెసేజి వచ్చింది. "మా అమ్మాయి ఓణీల వేడుకకు పన్నెండు జాకెట్లు కుట్టించాలి. కానీ ఈమధ్య మోసాలు ఎక్కువయ్యాయి. మీరు నిజమైన మనిషేనని తెలియడానికి ఒక కోడ్ పంపుతాను, అది నాకు చెప్పండి చాలు." పన్నెండు జాకెట్లనేసరికి ఆవిడ మనసు అటే పోయింది. ఆరంకెల కోడ్ వచ్చింది. అది గూగుల్ వాయిస్ కోడ్ అని ఆ మెసేజిలోనే ఉంది. ఆవిడ చదవలేదు. అంకెలు చెప్పేసింది. జాకెట్ల మనిషి మళ్ళీ పలకలేదు. ఆ కోడ్‌తో అతను పెద్దకోడలి నంబరును ఆధారంగా చూపించి, గూగుల్ వాయిస్ అనే ఇంటర్నెట్ ఫోను సేవలో ఒక కొత్త నంబరు సంపాదించుకున్నాడు. ఆ కొత్త నంబరుతో అతను ఎవరిని మోసం చేసినా, ఆ నంబరు కింద ఆధారంగా ఉన్నది ఈవిడ నంబరే.

కొన్నాళ్ళకు పెద్దకొడుకు స్నేహితుడొకడు ఈ సంగతి విని, జరిగిందేమిటో విడమరిచి చెప్పాడు. అప్పటినుంచి పెద్దకోడలికి భయం పట్టుకుంది. తెలియని నంబరు కనిపిస్తే చాలు, ఫోను బోర్లా పెట్టేసేది. రెండోసారి మోగితే బ్లాక్ చేసేసేది.

చిన్నకోడలిది వేరే దారి. ఆవిడ మొదటినుంచీ జాగ్రత్తపరురాలు. సంగీతం పాఠాలు మొదలుపెట్టక ముందే గూగుల్ వాయిస్‌లో ఒక నంబరు తీసుకుంది. సిమ్ము అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. ఫోనులో ఒక యాప్ ఉంటే చాలు, ఇంటర్నెట్ మీద కాల్స్ వస్తాయి, పోతాయి. రాత్రి తొమ్మిది దాటితే మోగకుండా పెట్టుకుంది. పాఠం చెబుతుండగా కాల్ వస్తే అవతలివాళ్ళు మాట వదిలిపెట్టేవాళ్ళు, యాప్ ఆ మాటల్ని అక్షరాల్లో రాసి చూపించేది. విసిగించినవాళ్ళని ఒక్క నొక్కుతో ఆపేసేది. అంతవరకు ఆవిడ చేసిన పని మెచ్చుకోదగ్గదే.

కానీ సుఖం రుచి మరిగాక అందరికీ అదే నంబరు ఇవ్వడం మొదలుపెట్టింది. బడికి అదే, డాక్టరుకు అదే, అత్తగారికి అదే, తోటికోడలికి అదే. ఒక బ్యాంకు మాత్రం ఇంటర్నెట్ నంబరుకు కోడ్ పంపనంది. మరొక చోట తీసుకున్నారు. ఆ తర్వాత లెక్క వేసుకుంది: "ఇంట్లో వైఫై, గుళ్ళో వైఫై, కొట్లో వైఫై. ఇంక సిమ్ముకు నెలనెలా డబ్బు కట్టడం దేనికి?" సిమ్ము ప్లాను తీసేసింది.

ఆ సుఖంతో పాటు ఇంకో గుణం కూడా వచ్చింది. ఒక పండక్కి తోటికోడళ్ళ మధ్య చిన్న మాటపట్టింపు వచ్చింది. చిన్నకోడలి పాత నంబరు తప్ప ఈ కొత్త నంబరును పెద్దకోడలు ఇంకా ఫోనులో రాసుకోలేదు. ఆ సంగతి చిన్నకోడలికి తెలుసు. ఒక రాత్రి ఉక్రోషం పట్టలేక ఆ నంబరు నుంచి పేరు లేకుండా ఒక మెసేజి పెట్టింది: "మీ దగ్గర కుట్టించిన జాకెట్టు చంకలో పిగిలిపోయింది. మా బంధువులందరికీ చెప్పాను." పెద్దకోడలు రెండు రాత్రులు నిద్రపోలేదు. కుట్టినవాటి కొలతల పుస్తకం తీసి ఎవరి జాకెట్టు అయి ఉంటుందా అని పేజీపేజీ తిప్పింది.

మూడో రోజు, జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చిన ఒకావిడకు ఆ నంబరు చూపించి, "ఈవిడెవరో మీకేమైనా తెలుసాండీ?" అని అడిగింది. ఆవిడ తన ఫోనులో ఆ నంబరు కొట్టింది. పది అంకెలూ పూర్తి కాకముందే తెర మీద పేరు వచ్చింది. "సంగీతం టీచర్."

పెద్దకోడలు ఏమీ అనలేదు. ఆ రోజునుంచి ఆ రెండిళ్ళ మధ్య మాటలు లేవు.

అత్తగారు ఆ ఏడాది వచ్చేసరికి పరిస్థితి ఇదీ. ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మూడు నెలలు ఫ్రిస్కోలో అనుకుని అక్కడ దిగింది. ఆవిడ ఫోనులో ఉన్నది తెనాలి సిమ్ము, ఇంట్లో వైఫై ఉంటేనే వాట్సాప్ పలుకుతుంది. అందుకని ఇంటివాళ్ళందరి నంబర్లూ ఒక చిన్న డైరీలో లావుపాటి అంకెలతో రాసుకుంది. మొదటి పేజీలో కోడళ్ళిద్దరి నంబర్లు, రెండో పేజీలో కొడుకులవి. "మొగవాళ్ళు ఆఫీసుల్లో ఉంటారు, ఇంటి అవసరానికి పలికేది కోడళ్ళే" అని ఆవిడ నమ్మకం.

మే నెలలో ఒక మధ్యాహ్నం. ఆ రోజుల్లో టెక్సాస్‌లో గాలివానలు ఎక్కువ. చిన్నకోడలు సరుకులకని కొట్టుకు వెళ్ళింది. అత్తగారు షుగరు మాత్ర వేసుకుని, కోడలు వచ్చాక భోంచేద్దామని కూర్చుంది. ఆకాశం నల్లబడింది, గాలి లేచింది, కరెంటు పోయింది. కరెంటుతో పాటు వైఫై పోయింది. వైఫైతో పాటు ఆవిడ ఫోను మూగబోయింది. కాసేపటికి చేతులు వణకడం మొదలైంది, ఒళ్ళంతా చెమటలు పట్టాయి. డైరీ చేత పట్టుకుని గోడ ఆసరాతో వీధి తలుపు తీసింది.

పక్కింటి మెక్సికో పెద్దావిడ గాలికి ఎగిరిపోతున్న పూలకుండీలు సర్దుకుంటూ ఈవిడ్ని చూసింది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా పరుగున వచ్చి కూర్చోబెట్టి, అత్తగారు చూపించిన మొదటి పేజీలో మొదటి నంబరు తన ఫోనులో కొట్టింది. అది చిన్నకోడలిది. కొట్లో కూడా కరెంటు లేదు, వైఫై లేదు. ఒక్కసారి కూడా మోగకుండా రికార్డు చేసిన గొంతు వినిపించింది: సంగీతం తరగతుల కోసం మీ పేరు, నంబరు వదలండి.

రెండో నంబరు పెద్దకోడలిది. ఇర్వింగ్‌లో ఎండ కాస్తోంది, కరెంటు ఉంది, ఫోను చేతిలోనే ఉంది. తెర మీద తెలియని నంబరు కనిపించింది. బోర్లా పెట్టేసింది. మళ్ళీ మోగింది. బ్లాక్ నొక్కి, మిషను మీదికి వంగి కుట్టుకుంటూ కూర్చుంది.

పక్కింటావిడ ఇంట్లోకి వెళ్ళి గ్లాసు నిండా నారింజరసం తెచ్చి గుక్కగుక్కగా తాగించింది. అత్తగారి మొహానికి కాస్త కళ వచ్చాక, ఆవిడే పేజీ తిప్పింది. చిన్నకొడుకు ఫోను ఎత్తాడు. వానలో పడి వచ్చాడు.

సాయంత్రానికి ఇద్దరు కోడళ్ళూ అత్తగారి మంచం దగ్గర చేరారు. పెద్దకోడలు బ్లాక్ చేసిన నంబరును చూసుకుని ఏడ్చింది. చిన్నకోడలు తన గొంతే పక్కింటావిడ ఫోనులో విని తల దించుకుంది. "నా దగ్గర ఫోను ఉంది కానీ మోగలేదు అత్తయ్యా" అంది. "నా ఫోను మోగింది కానీ నేనే ఎత్తలేదు అత్తయ్యా" అంది పెద్దకోడలు.

జరిగిందంతా అప్పుడు బయటికొచ్చింది, పేరు లేని మెసేజితో సహా. అత్తగారు అంతా విని ఇలా అంది:

"మన తెనాలి ఇంటికి అరుగు ఉంది, గుర్తుందా? మీ మామగారి తండ్రి కట్టించారు. గాజులమ్మొచ్చినా, పోస్టుమాను వచ్చినా, కౌలు లెక్కలు మాట్లాడే రైతు వచ్చినా, దారిన పోతూ ఎండకు ఆగినవాడైనా, అందరికీ అరుగే. చాప వేసి, మంచినీళ్ళిచ్చి, మాట్లాడి పంపించేవాళ్ళం. వాళ్ళకి మర్యాద దక్కింది, మాకు ఇల్లు దక్కింది. ఇంట్లోకి రావలసినవాళ్ళు గడప దాటి వచ్చేవాళ్ళు. వాళ్ళు తలుపు కొడితే అర్ధరాత్రయినా తీసేవాళ్ళం. ఎందుకంటే లోపలి తలుపు కొట్టేది మనవాళ్ళేనని మాకు తెలుసు.

"పెద్దమ్మాయ్, నువ్వు అరుగు కట్టుకోలేదు. వీధినంతా నట్టింట్లోకి రానిచ్చావు. ఆ గోల భరించలేక ఉన్న ఒక్క తలుపూ బిడాయించుకున్నావు. ఇవాళ ఆ తలుపు కొట్టింది నేను.

"చిన్నమ్మాయ్, నువ్వు అరుగు చక్కగా కట్టుకున్నావు. కట్టుకుని ఇల్లు వదిలేసి అరుగు మీదే కాపురం పెట్టావు. ఇనప్పెట్టె కూడా అక్కడే పెట్టావు. గాలివానొస్తే అరుగు తడవదుటే? ఇంకో మాట. అరుగు మీద కూర్చుని ఎవర్నైనా ఏమైనా అంటే, అది మన ఇంటి మాటే అవుతుంది. ఊళ్ళో అందరికీ తెలుసు అది ఎవరింటి అరుగో. చీకట్లో కూర్చుని అన్నంత మాత్రాన నోరు నీది కాకపోదు."

చిన్నకోడలు లేచి వెళ్ళి పెద్దకోడలి చేతులు పట్టుకుంది. "అక్కా, ఆ జాకెట్టు ఎక్కడా పిగల్లేదు. పిగిలింది నా బుద్ధి. క్షమించు" అంది. పెద్దకోడలు వెంటనే మాట్లాడలేకపోయింది. కాసేపటికి, "ముందు నీ నంబరు సరిగ్గా చెప్పు, పేరుతో రాసుకుంటాను" అంది.

మర్నాడు చిన్నకోడలు సిమ్ము ప్లాను మళ్ళీ తీసుకుంది. ఆ నంబరు అత్తగారికి, బడికి, డాక్టరుకు, బ్యాంకుకు, తోటికోడలికి ఇచ్చింది. సంగీతానికి మాత్రం పాత గూగుల్ వాయిస్ నంబరే ఉంచింది. ఆ సాయంత్రమే పెద్దకోడలిని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ పేర కూడా గూగుల్ వాయిస్ ఖాతా తెరిచింది. అందులో పెద్దకోడలి అసలు నంబరును జోడించి కోడ్ కొట్టగానే, ఆ మోసగాడి ఖాతా నుంచి ఆ నంబరు ఊడి వచ్చింది. కిరాణా కొట్టు బోర్డు మీద కొత్త కాగితం పడింది, దాని చీలికల మీద కొత్త నంబరు ఉంది. రాత్రి తొమ్మిది దాటితే ఆ నంబరు మోగదు. అసలు నంబరు మోగితే మాత్రం, తెర మీద ఏ అంకెలున్నా, పెద్దకోడలు కుట్టు ఆపి ఎత్తుతుంది.

నీతి

రెండో నంబరు పెట్టుకోవలసింది మొదటి నంబరు మనవాళ్ళ కోసం ఎప్పుడూ తెరిచి ఉండడానికి. అది మనవాళ్ళకు దూరమయ్యే దారి అయినా, మన పేరు దాచుకునే దారి అయినా, లేకపోవడమే మేలు.

ఈ కథ ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఈ రోజుల్లో ఫోను నంబరుకు మనం ఇచ్చే విలువకూ అది మోస్తున్న బరువుకూ పొంతన లేదు. ఒకప్పుడు అది మాట్లాడుకోవడానికి పది అంకెలు. ఇప్పుడు బ్యాంకు కోడ్ దానికే వస్తుంది, ఈమెయిలు పాస్‌వర్డు పోతే దానితోనే తిరిగి వస్తుంది, వాట్సాప్‌లో మన మొహం దాని వెనకే కనబడుతుంది. ఇంత బరువున్న నంబరును పాత సోఫా అమ్మే ప్రకటనలోనూ, గది అద్దెకిచ్చే ప్రకటనలోనూ, పెళ్ళి సంబంధాల గ్రూపులోనూ ఒకేలా పంచిపెడుతున్నాం. ఏటా ఆగస్టు వచ్చేసరికి హైదరాబాదు, విజయవాడల నుంచి డాలస్‌కు, న్యూజెర్సీకి చదువులకు వెళ్ళే పిల్లలు గది కోసం తమ నంబరు ఎన్ని గ్రూపుల్లో పెడతారో వాళ్ళకే లెక్క ఉండదు.

అక్కడివాళ్ళకు గూగుల్ వాయిస్ వంటి సదుపాయం ఉంది. గ్రాండ్‌సెంట్రల్ అనే చిన్న కంపెనీని 2007లో గూగుల్ కొని, 2009లో ఈ పేరుతో తెచ్చింది. ఒకే నంబరుకు ఫోను చేస్తే మనకున్న అన్ని ఫోన్లూ మోగాలన్నది దాని మొదటి ఉద్దేశం. జనం మాత్రం దానిలో ఇంకో గొప్ప ప్రయోజనం చూశారు: అసలు నంబరు ఎవరికీ చెప్పకుండానే అందరితో మాట్లాడవచ్చు. వ్యక్తిగత ఖాతాకు ఈ సేవ అమెరికాలోనే దొరుకుతుంది, తీసుకోవాలంటే ముందు అక్కడి నంబరు ఒకటి చూపించాలి.

ఆ చూపించమనే నియమం దగ్గరే పెద్దకోడలు మోసపోయింది. ఇది కథ కోసం అల్లిన ప్రమాదం కాదు. వస్తువులు అమ్మకానికి పెట్టినవాళ్ళను, తప్పిపోయిన కుక్కపిల్ల కోసం ప్రకటన ఇచ్చినవాళ్ళను ఇదే మాటతో మోసం చేస్తున్నారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లోనే హెచ్చరించింది. మీరు అడగకుండా మీ ఫోనుకు వచ్చిన కోడ్ ఏదైనా సరే, అది ఇంకొకరికి చెప్పవలసిన అవసరం ఈ లోకంలో ఎవరికీ ఉండదు. ఈ ఒక్క వాక్యం ఇంట్లో పెద్దవాళ్ళకు పదేపదే చెప్పండి.

ఇక చిన్నకోడలి పొరపాట్లు. గూగుల్ వాయిస్ వ్యక్తిగత నంబరు నుంచి అమెరికా అత్యవసర సహాయ నంబరు 911కు ఫోను వెళ్ళదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పనికిరాని నంబరు ఇంట్లో ఏకైక నంబరు కాకూడదు. ప్లాను లేని సెల్‌ఫోను నుంచి కూడా అమెరికాలో 911కు కాల్ వెళ్తుంది, నిజమే. కానీ మాట మధ్యలో తెగిపోతే వాళ్ళు తిరిగి మనకు చేయలేరు. కరెంటు, ఇంటర్నెట్ పోతే ఇంటర్నెట్ నంబరూ పోతుంది. చాలాకాలం వాడకుండా వదిలేస్తే గూగుల్ ఆ నంబరును వెనక్కి తీసేసుకుంటుంది. అలా పోయే నంబరు మీద బ్యాంకు ఖాతాను నిలబెట్టకూడదు. చాలా బ్యాంకులు ఇటువంటి నంబర్లకు కోడ్ పంపవు. అది చూసి విసుక్కోవలసిన పని లేదు, ఆ కాపలా మన డబ్బుకే.

పేరు దాచుకోవడం మాటకు వస్తే, రెండో నంబరు నుంచి ఏం చేసినా ఎవరికీ తెలియదనుకోవడం భ్రమ. సేవ ఇచ్చే కంపెనీకి ఆ నంబరు ఎవరి ఖాతాదో తెలుసు, కోర్టు ఆజ్ఞ వస్తే వివరాలు ఇస్తుంది. కోర్టు దాకా పోనక్కర్లేకుండానే, ఎవరో ఒకరి ఫోనులో మన పేరు ఆ అంకెల పక్కన రాసే ఉంటుంది. అయినా నా ఉద్దేశంలో పట్టుబడతామనే భయం కంటే పెద్ద కారణం ఒకటుంది. అసలు నంబరు నుంచి అనలేని మాట రెండో నంబరు నుంచి అనకూడదు. నంబరు ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో ఎంచుకునే హక్కు మనది. మన మాటకు బాధ్యత ఎవరిదో ఎంచుకునే హక్కు మనకు లేదు.

మన దగ్గర, ఆంధ్రలో, తెలంగాణలో, ఆ సేవ దొరకదు. దాని పని రెండో సిమ్ము చేస్తుంది. మన దేశంలో ఎక్కువ రాష్ట్రాల్లో ఒకరి పేర తొమ్మిది కనెక్షన్ల వరకు అనుమతి ఉంది, మామూలు మనిషికి రెండు చాలు. మీ పేర ఎన్ని సిమ్ములున్నాయో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్లో చూసుకోవచ్చు, మీవి కానివి ఉంటే అక్కడే తెలియజేయవచ్చు. ఫోనులోనో ఆన్‌లైన్‌లోనో డబ్బు మోసం జరిగితే వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోను చేయాలి. బట్టల కొట్టు కౌంటరు దగ్గర బిల్లు కొట్టే కుర్రాడు నంబరు అడిగితే, ఇవ్వనని మర్యాదగా చెప్పవచ్చు. నంబరు ఇస్తేనే బిల్లు ఇస్తామనడం తగదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో వ్యాపారులకు చెప్పింది. విదేశీ నంబరు ఉచితంగా ఇస్తామనే ఊరూపేరూ లేని యాప్‌ల జోలికి మాత్రం పోకండి. ఆ నంబరు నిన్న ఎవరి చేతిలో ఉందో, రేపు ఎవరి చేతికి పోతుందో మీకు తెలియదు.

ముఖ్యంగా ఆడవాళ్ళకు ఇది చెప్పాలి. ఇంటిపట్టున ఉండి ట్యూషన్లు చెప్పేవాళ్ళు, పచ్చళ్ళు పెట్టి అమ్మేవాళ్ళు, చీరల గ్రూపు నడిపేవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. వ్యాపారం కోసం నంబరు బయటపెట్టక తప్పదు, బయటపెడితే అర్ధరాత్రి మెసేజిలు తప్పవు అన్నట్టుగా వాళ్ళు ఇన్నాళ్ళూ ఓర్చుకుంటున్నారు. ఆ ఓర్పు అక్కర్లేదు. వేళలు పెట్టుకుని మోగే నంబరు ఒకటి ఉండడం గర్వం కాదు, ఎవర్నీ అవమానించడమూ కాదు. వచ్చినవాళ్ళకు మర్యాద దక్కాలి, ఇంటికి ప్రశాంతత దక్కాలి. రెండూ దక్కే దారి ఉన్నప్పుడు ఒకదాన్ని ఎందుకు వదులుకోవాలి?

ఈ రోజే ఒక కాగితం తీసి రెండు జాబితాలు రాయండి. అర్ధరాత్రి ఫోను చేసినా మీరు లేచి ఎత్తవలసినవాళ్ళు ఒక వైపు, తెల్లారాక మాట్లాడినా ఫరవాలేనివాళ్ళు రెండో వైపు. మొదటి వైపు వాళ్ళకు మీ అసలు నంబరు ఇచ్చి, అది మోగితే తప్పక ఎత్తండి. రెండో వైపు వాళ్ళకు రెండో నంబరు ఇచ్చి, దాని మీద కూడా మీ పేరే చెప్పండి.